కల్లములో ఒంటరి లెక్క

మాఘమాసము చివరి రాత్రులలో ప్రత్తిపాడు నుండి చిలకలూరిపేట మీదుగా అద్దంకి దాకా పరచుకొన్న నల్లరేగడి నేలల గుండా ప్రయాణము చేసినవారికి, దారికి ఇరువైపుల చేలగట్ల వద్ద ఎఱ్ఱగా ఆరబోసిన మిరపకాయ కల్లములును, వాని పక్కన నులకమంచము మీద దుప్పటి కప్పుకొని మేలుకొన్న ఒక మనిషి ఆకారమును, ఆతని చేతిలో వెలుగుచు ఆరుచునున్న సెల్‌ఫోను వెలుతురును తప్పక కనబడియుండును. ఆ మనిషి దొంగల భయమున కొంత, మంచు భయమున కొంత కావలి యున్నాడని బాటసారి తలచును. నిజమునకు కాయను కాచుట ఆతనికి చిన్న పని. పట్టా కప్పిన మంచు ఆగును, కుక్క మొరిగిన దొంగ ఆగును. ఆతనిని నిదుర పోనీయక కూర్చుండబెట్టినది లెక్క. కాగితము మీద ఎక్కని, నోట పలుకని, తలలో మాత్రమే సాయంకాలము నుండి తెల్లవారు దాకా గానుగెద్దు వలె ఒకే చుట్టు తిరుగు లెక్క.

ఆ లెక్కలో ఏమేమి యున్నవో ఆ నేలలో పుట్టి పెరిగినవాడను గనుక నాకు కొంత తెలియును. రెండవ కోతకు కూలీలను తెచ్చెదనని బయానా పుచ్చుకొన్న ముఠా మేస్త్రీ మూడు దినములుగా ఫోను ఎత్తుట లేదు; మచ్చు చూచిన వ్యాపారి తాలుకాయ ఎక్కువైనదని పెదవి విరిచినాడు; మందుల కొట్టులో ఖాతా నిరుటి బాకీతో కలిసి పెరిగినది; భూమిగల ఆసామికి రెండవ విడత కౌలు ఈ నెలాఖరునకు ముట్టవలెను; భార్య మెడలోని గొలుసు బ్యాంకులో నున్నది, దాని గడువు మార్చిలో తీరును; ఇంటరు చదువుచున్న పిల్లకు పరీక్షలు; ముసలితల్లి కంటికి శుక్లము; మేనకోడలి పెండ్లికి చదివింపు; నిన్న రాత్రి కాలిపోయిన మోటారుకు తీగ చుట్టించవలసిన పని; వీనికి తోడు పడమట కమ్ముచున్న మబ్బు. వీనిలో ఏ ఒక్కటియు మనిషిని పడగొట్టునంతటి బరువు కాదు. విడివిడిగా తీసికొన్నచో ప్రతి పనికి ఒక దారి యున్నది, ప్రతి దారికి ఒక మనిషి యున్నాడు. కాని అవి విడివిడిగా రావు. ఇరువది చేతులు ఒక్కమారు చొక్కా పట్టుకొని లాగినట్లు వచ్చును.

పని యొక్క పరిమాణము చేత మనిషి క్రుంగునని సాధారణముగా తలచుచుందుము. నా తలపు వేరు. ఈ పల్లెలలో పని ఎక్కువై క్రుంగినవానిని నేను అరుదుగా చూచినాను. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి రాత్రి పది గంటల దాకా నడుము వంచిన ఆడవారును మగవారును, అలసి పడుకొని, మరల లేచి పనిలోకి పోవుచునే యున్నారు. క్రుంగినవారందరును ఇంటి లెక్క అంతయు ఒక్క తలలో పెట్టుకొని, దానిని ఎవ్వరికిని విప్పి చూపజాలక, ఒంటరిగా మోసినవారు. శరీరశ్రమకు హద్దు కలదు, ఆ హద్దు వద్ద నిద్ర వచ్చి ఆదుకొనును. తలలోని లెక్కకు హద్దు లేదు. నిద్రయే దానికి మొదటి బలి. కనుక ఈ భారము గూర్చి మాటలాడవలసి వచ్చినపుడు ధైర్యమును గూర్చియు ఓర్పును గూర్చియు ఉపన్యసించుటకు ముందు, ఆ లెక్కను ఎవరెవరు పంచుకొనవలెనో అడుగుట న్యాయమని నేను నమ్ముచున్నాను.

మిరప పండించు మనిషికే ఈ బాధ ఎక్కువ యగుటకు కారణము ఆ పైరు స్వభావములో నున్నది. వరి నాటినవాడు నాట్లు ముగిసిన పిమ్మట కొంతకాలమైన ఊపిరి పీల్చుకొనును. మిరప నాటినవాడు ఆషాఢ శ్రావణములలో నారు పోసినది మొదలు ఫాల్గుణ చైత్రములలో కడపటి కాయ కోసి టిక్కీలను మిరప బస్తాలకు ఎత్తించుదాకా ప్రతి వారము ఒక నిర్ణయము చేయవలెను. ఆకు పైకి ముడుచుకొన్న తామరపురుగు, క్రిందికి ముడుచుకొన్న నల్లి. బొబ్బర తెగులు సోకిన మొక్కను పీకవలెనా, ఉంచవలెనా. కొమ్మ ఎండుచున్నది, కాయ కుళ్ళుచున్నది, ఏ మందు, ఎంత మోతాదు, ఎవరిని అడుగవలెను? గుంటూరు చేరువ లాంలో ఆచార్య రంగా పేరిట విశ్వవిద్యాలయమును పరిశోధనా క్షేత్రమును ఉన్నవి గాని, తెల్లవారి ఆరుగంటలకు ఆకు చేతబట్టుకొని వచ్చినవానికి ఊరిలో తలుపు తెరచియుండునది మందుల కొట్టు ఒక్కటే. మందు చెప్పువాడును, మందు అమ్మువాడును, అప్పిచ్చువాడును అక్కడ ఒక్కడే. కాయ చేతికి వచ్చిన తరువాతనైన తీరునా అనిన, అప్పుడు అన్నింటికంటె కఠినమైన నిర్ణయము ఎదురగును: నేడు మిరప మార్కెట్ యార్డుకు తోలవలెనా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధరకై వేచియుండవలెనా? తోలిన మరునాడు ధర పెరిగిన ఇంటిలో నింద. ఉంచిన పిమ్మట పడిన అద్దెయు వడ్డీయు నెత్తిమీద. ప్రత్తి కూడ ఇంచుమించు ఇట్టిదే. కాయలోనికి గులాబీ పురుగు చొచ్చిన సంగతి కాయ పగులునంత వరకు చేను చూచువానికి తెలియదు.

కొండవీటి నీడలో ఈ కథ క్రొత్తది కాదు. కొండవీటి రెడ్డిరాజుల కొలువున విద్యాధికారియై, గౌడ డిండిమభట్టు కంచుఢక్కను పగులగొట్టించి, కనకాభిషేకము పొందిన శ్రీనాథ కవిసార్వభౌముడు అవసానదశలో బొడ్డుపల్లె అను గ్రామమును గుత్తకు తీసికొని వ్యవసాయమునకు దిగినాడనియు, కృష్ణ వరద కొంత, పక్షులు కొంత పంటను హరింపగా ఏడువందల టంకములు చెల్లింపలేక నగరివీధిలో శిక్ష అనుభవించినాడనియు ఆయన పేరిట ప్రచారములో నున్న చాటువులు చెప్పుచున్నవి. ఆ చాటువుల ప్రామాణ్యమును పండితులు విచారింతురు గాక; తెలుగుజాతి తన మహాకవిని బాకీపడిన కౌలురైతుగా తలచుకొని శతాబ్దములుగా కన్నీరు పెట్టుకొన్నదన్న మాట మాత్రము సత్యము. ఆ సంప్రదాయములో నా మనసును పట్టినది వరద కాదు, శిక్షయు కాదు. తన్నాదరించిన ప్రభువులును దాతలును ఒక్కొక్కరుగా గతించినారని, ఇక తన కష్టము ఎవరితో చెప్పుకొందునని ఆ వృద్ధుడు వాపోవుట. మాటచే రాజసభలను గెలిచినవానికి కడపట మాట చెప్పుకొన మనిషి లేకపోవుటకు మించిన దారిద్ర్యమేమి కలదు?

కాలము మారినది. 1967లో నాగార్జునసాగరపు నీరు కుడికాలువ వెంట దిగి వచ్చినది, మెట్టచేలు మాగాణులైనవి, ప్రత్తి తెల్లబంగారమన్న పేరు పొందినది. 1980 తరువాతి ఏండ్లలో క్రొత్త పైరిత్రాయిడ్ మందులు వచ్చి మొదట పచ్చపురుగును అణచినట్లే కనబడినవి. వాని మితిమీరిన వాడుకతో మేలుచేయు పురుగులు నశించి తెల్లదోమ విజృంభించినది. 1987-88లో గుంటూరు ప్రకాశము జిల్లాల ప్రత్తిరైతులు కొందరు ప్రాణములు తీసికొన్నపుడు తెలుగునాడు మొదటిసారి రైతు ఆత్మహత్య అను మాటను పత్రికలలో పెద్ద అక్షరములలో చదివినది. 2021 చివరి నెలలలో మిరప పూలలోనికి నల్ల తామరపురుగు దిగినది. ఆగ్నేయాసియా నుండి వచ్చిన ఆ పురుగును మన దేశములో 2015లో బెంగళూరు బొప్పాయి మీద గుర్తించియుండిరి గాని, మన పూతకు అది చేటు కాగలదని ఇక్కడి రైతు ఎఱుగడు. పూవు పూవే రాలిపోయినది. చెట్టు పచ్చగా నిలిచియు కాయ లేదు. ఎందరో పైరును దున్నివేసి జొన్నయో మొక్కజొన్నయో చల్లుకొనిరి. మరుసటి ఏడు కాయ తక్కువై ధర క్వింటాలుకు ఇరువది వేలు దాటినది. ఆ ధర చూచి అందరును మిరపయే నాటిరి. 2025 ఫిబ్రవరి నాటికి ధర ఎంతగా పడిపోయినదనగా కేంద్రప్రభుత్వము మార్కెట్ జోక్యపు పథకము క్రింద 11,781 రూపాయలను ధరగా ప్రకటింపవలసి వచ్చినది. ఒక సంవత్సరము పురుగు, ఒక సంవత్సరము ధర. రెండింటిలోను రైతు చేసిన తప్పు ఏదని వెదకినను దొరకదు. అయినను నిద్ర లేని రాత్రులలో ఆతడు తన తప్పునే వెదకికొనుచుండును.

ఇట్టి వెదకులాట మనిషి బుద్ధిని ఏమి చేయునో పరీక్షించి చూచినవారున్నారు. తమిళనాడులో చెరకు పండించు 464 మంది రైతులను ఆనంది మణి, సెంధిల్ ముల్లైనాథన్, ఎల్దార్ షఫీర్, జియాయింగ్ జావ్ అను పరిశోధకులు కోతకు ముందు ఒకసారి, కోత అయి డబ్బు చేతికి వచ్చిన పిమ్మట ఒకసారి ఒకే విధమైన బుద్ధిపరీక్షలు పెట్టి చూచి, ఫలితములను 2013లో సైన్స్ పత్రికలో ప్రకటించిరి. మనుషులు వారే, చదువు అదే, తెలివి అదే. కోతకు ముందు, చేతిలో డబ్బులేని దినములలో, తప్పులు ఎక్కువ చేసిరి, జవాబునకు ఆలస్యము చేసిరి. అప్పుల చింత తలలో చోటు ఆక్రమించుకొనగా మిగిలిన విషయములకు చోటు చాలదని వారి నిర్ణయము. ఈ సంగతి చదివినపుడు నాకు మా ఊరి పెద్దల మాట జ్ఞాపకము వచ్చినది. పంట పోయి, మాట తడబడి, సంతకెళ్ళి చేతి సంచి మరచి వచ్చినవానిని చూచి వారు "మనేద పెట్టుకున్నాడయ్యా, వాణ్ణేమీ అనబాకండి" అందురు. మనోవ్యాధి అను సంస్కృతపదము మన నోట మనేదగా, మనాదిగా కరగి కలసిపోవుటకు ఎన్ని తరముల మనేద కావలసియుండును!

మగవాని లెక్కను గూర్చియే ఇంత దూరము చెప్పితిని. ఆ ఇంటి ఇల్లాలి లెక్క దీనికంటె పెద్దది, దానికి కావలి మంచము కూడ లేదు. కోతల నెలలలో ఆమె చీకటితో లేచి, పాలు పితికి, ఇరువది మంది కూలీలకు టీనీళ్ళు కాచి, పిల్లలకు క్యారేజీలు కట్టి, చేనికి పోయి తానొక సాలు పట్టి, సాయంకాలము కాయల ఘాటుతో మండుచున్న చేతులకు కొబ్బరినూనె రాచుకొని, ఆ మంట చేతులతోనే మరల పొయ్యి రాజేసి, రాత్రి డ్వాక్రా గ్రూపు వాయిదాకు తక్కువైన మూడువందలు ఎవరినడుగవలెనా యని ఆలోచించును. పరీక్షలన్నియు మార్చిలో, కోతలన్నియు మార్చిలో. బిడ్డ చదువు చూడలేదన్న నింద ఆమెదే, కూలీలకు కూర సరిపోలేదన్న నింద ఆమెదే. ఇంక ఆ కూలీల మాట: ఆదోని, కోసిగి, మంత్రాలయము వైపు నుండి బస్తాలు, గిన్నెలు, పసిపిల్లలతో దిగి, చేల గట్లమీద గుడారములు వేసికొని మూడునెలలుండి పోవు ఆ తల్లులకు బడిలో నుండి తీసికొని వచ్చిన పిల్లవాని చదువు కూడ ఒక లెక్క. ఈ మైదానమున ఒకరి మనేదకు మరొకరి మనేద పొరుగు.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో పని ఒత్తిడిచే మనిషి లోలోపల కాలిపోవుటను తన వ్యాధుల పట్టికలో గుర్తించినది. అయితే అది ఉద్యోగస్థలమునకు చెందిన స్థితి యని హద్దు గీసినది. ఆఫీసు గలవానికి సెలవు కలదు, పై అధికారి కలడు, వారాంతము కలదు. చేను గలవానికి ఏది సెలవు? చేనే ఇల్లు, అప్పే అధికారి.

ఇచట మా ఇంటి సంగతి ఒకటి చెప్పవలెను. 2022 సంక్రాంతి వెళ్ళిన దినములవి. మా బాబాయి రెండెకరముల సొంతచేను, నాలుగెకరముల కౌలుచేను మిరప నాటి, పూత అంతయు పురుగు పాలుకాగా, అన్నము మాని, మాట మాని, అరుగు మీద స్తంభమునకు ఆనుకొని కూర్చుండుటకు అలవాటు పడినాడు. చూడవచ్చిన బంధువులందరును ధైర్యము చెప్పిరి. నేనును చెప్పితిని. ధైర్యముగా నుండుమని ఒక్కొక్కరు చెప్పినపుడెల్ల ఆయన తల మరింత వంచుట నేను చూచితిని. ఇప్పుడు ఆలోచించిన తెలియుచున్నది, ఉన్న బరువులకు మా మాట మరియొక బరువై, ధైర్యముగా కనబడవలసిన పని కూడ ఆయన లెక్కలో చేరినది.

ఒక రాత్రి మా పిన్ని, కూతురి లాంగ్‌నోటు పుస్తకము తెచ్చి, ఆయన ముందు పడవేసి, "నీ తలకాయలో ఏమేం తిరుగుతున్నయ్యో అన్నీ చెప్పు. అమ్మాయి రాస్తది. పెద్దది, చిన్నది అనబాక. అన్నీ చెప్పు" అన్నది. మొదట ఆయన పలుకలేదు. పిమ్మట మందుల కొట్టు బాకీతో మొదలుపెట్టి, ఒక్కొక్కటిగా, ఎవరికో చెప్పుచున్నట్లు ఇంటి దూలము వైపు చూచుచు చెప్పసాగినాడు. ఇరువదిమూడు పద్దులు తేలినవి. పదునాలుగవ పద్దు వద్ద పిన్ని నోట కొంగు అడ్డము పెట్టుకొన్నది. ఆయన ఆమెకు తెలియకుండ నూటికి మూడు రూపాయల వడ్డీకి రెండు నోట్లు రాసియిచ్చిన సంగతి అపుడు బయటపడినది.

"ఇవన్నీ నీ ఒక్కడి తలలోనే పెట్టుకున్నావా ఏవయ్యా? నాకు చెప్తే నేనేమన్నా పారిపోతానా?"

"చెప్తే నీకూ నిద్ర పట్టదని."

"ఇప్పుడు పడతందా నాకు?"

ఆ పుస్తకము ఇప్పటికిని వారి ఇంట నున్నది, నేను చూచినాను. పద్దుల ఎదుట ఆ పిల్ల నీలిరంగు, ఎఱ్ఱరంగు కలములతో గీతలు గీసినది. ఈ నెలలో చేయక తప్పనివి ఐదు మాత్రమే. ఒక మాట పోయి అడిగిన వాయిదా దొరకునవి తొమ్మిది. ఇంకొకరు చేయగలిగినవి ఆరు: బావమరిది మోటారు చూచుకొనెదనన్నాడు, పిల్ల తన ఫీజు సంగతి తానే మాస్టారితో మాటలాడెదనన్నది, పిన్ని గ్రూపు లీడరును అడుగుట తన వంతు చేసికొన్నది. మిగిలిన మూటికిని ఆ పిల్ల ఏ పేరు పెట్టవలెనో తెలియక ఊరక వదలివేసినది. అవి మేనకోడలి పెండ్లికి నలుగురిలో గొప్పగా చదివించుట, ఇంటికి సున్నము వేయించుట, నిరుడు ఊరిలో ఒప్పుకొన్న గుడి చందా. సిగ్గు కొరకు మోయుచున్న బరువులు. నా యెఱుకలో ప్రతి ఇంటి లెక్కలోను ఇట్టివి రెండు మూడైన నుండును. మనిషిని రాత్రివేళ ఎక్కువ పొడుచునవియు ఇవియే. ఆ మూటిని కొట్టివేయుటకు మా బాబాయి వారము దినములు తీసికొన్నాడు. కౌలుచేలలో రెండెకరములు ఆసామికి తిరిగి అప్పగించినాడు. అప్పు తీరలేదు; అది తీరుటకు తరువాతి ఏడు మంచిధర రావలసి వచ్చినది. కాని ఆ రాత్రి పుస్తకము మూసిన పిమ్మట ఆయన అడిగి అన్నము పెట్టించుకొన్నాడు.

ఇది మా పిన్ని కనిపెట్టిన ఉపాయమని నేను చాలకాలము అనుకొంటిని. ఆఫ్రికాలో జింబాబ్వే దేశమున డిక్సన్ చిబాండా అను మానసిక వైద్యుడు 2006 నుండి ఇట్టి పద్ధతినే నడుపుచున్నాడని తరువాత తెలిసినది. ఆ దేశమున అట్టి వైద్యులు బహుకొద్దిమంది గనుక, ఆయన ఆరోగ్యకేంద్రముల వద్ద పనిచేయు అవ్వలకు శిక్షణ ఇచ్చి, చెట్టునీడను వేసిన కొయ్యబల్ల మీద కూర్చుండబెట్టినాడు. కష్టమున నున్నవారు వచ్చి ఆ బల్ల మీద అవ్వ పక్కన కూర్చుండి తమ చిక్కులన్నియు చెప్పుదురు, అవ్వ వినును, పిమ్మట ఇద్దరును కలిసి వానిలో ఒక్క చిక్కును ఎంచుకొని, దానికి చేయదగిన పని ఒకటి నిశ్చయించుకొందురు. ఈ పద్ధతి వలన క్రుంగుబాటు తగ్గినదని 2016లో అమెరికా వైద్యసంఘపు పత్రికలో ప్రకటితమైన పరీక్ష నిరూపించినది. అక్కడి షోనా భాషలో ఈ బాధకు పేరు కుఫుంగిసిసా. అతిగా ఆలోచించుట యని దాని యర్థము. ఖండములు వేరైనను మనేద ఒక్కటే. అరుగులు గల ఊళ్ళు మనవి, అవ్వలు గల ఇళ్ళు మనవి. ఆ అరుగు మీద ఇరుగుపొరుగువారి కష్టము అడుగు అలవాటు మాత్రము అడుగంటుచున్నది. చేతిలో ఫోను వచ్చినప్పటినుండి పక్కవాని కల్లములో మనిషి ఎందుకు మేలుకొన్నాడో పోయి అడుగువారు తగ్గిరి.

అయితే ఇంటివారును ఇరుగుపొరుగును పంచుకొనజాలని పద్దులు కొన్ని కలవు, వానిని ప్రభుత్వము తన పుస్తకములో వ్రాసికొనవలెను. కౌలురైతు సంగతి మొదటిది. 2011లో ఒక చట్టము, 2019లో ఒక చట్టము వచ్చినవి. రెండవ దానిలో పదునొకండు నెలలకు సాగుహక్కు కార్డు ఇత్తురు గాని దానికి భూయజమాని సంతకము కావలెను. సంతకము పెట్టినచో భూమి పోవునేమోనని ఆయనకు భయము, అడిగినచో వచ్చే ఏడు చేను ఈయడేమోనని ఈతనికి భయము. రెండు భయముల నడుమ కార్డు రాదు, కార్డు లేక బ్యాంకు రుణము రాదు, రుణము లేక నూటికి మూడు రూపాయల నోటు తప్పదు. సాగుచేయువాడెవడో ఊరిలో అందరికిని తెలిసిన సత్యమే గదా. యజమాని హక్కునకు భంగము లేదని స్పష్టముగా వ్రాసి, గ్రామములో విచారించి, సంతకముతో నిమిత్తము లేకుండ కార్డు ఇచ్చుటకు అడ్డమేమి?

రెండవది గడువుల సంగతి. సర్కారు లెక్కల సంవత్సరము మార్చి 31న ముగియును. ఈ నేలమీద కాయ యార్డును ముంచెత్తి ధర పడిపోవునది కూడ ఆ రోజులలోనే. బ్యాంకు గడువు, సంఘపు వాయిదా, కౌలు, కళాశాల రుసుము అన్నియు ఒక్క నెలలో మీద పడినపుడు రైతు కాయను నిలువ యుంచుకొనలేడు, వచ్చిన ధరకు తోలివేయును. మిరప మండలములలో బంగారపు రుణములకును సంఘముల వాయిదాలకును గడువును జూన్ దాకా జరిపినచో ఖజానాకు నష్టమేమియు లేదు. ఇరువది చేతులలో నాలుగైన చొక్కా వదలును.

మూడవది చెప్పుటకు నాకు మనసు బరువెక్కుచున్నది. ఆత్మహత్య చేసికొన్న రైతు కుటుంబమునకు సహాయము చేయుటకు 2004లో 421వ జీవో వచ్చినది. అప్పుడు లక్షన్నరగా నున్న మొత్తము తరువాత ఐదు లక్షలై, 2019లో ఏడు లక్షలైనది. ఆ సహాయము అవసరమే, అది ఆలస్యము కాకుండ అందవలెను. కాని మనిషి పోయిన పిమ్మట ఆతని అప్పుల పత్రములు విచారించుటకు అధికారుల సంఘము కలదు. మనిషి ఉన్నపుడు ఆ పత్రములనే ముందు వేసికొని, ఏది ముందు, ఏది వెనుక, ఏ వడ్డీ తగ్గింపవచ్చును, ఏ బ్యాంకుతో ఎవరు మాటలాడవలెను అని ఆతనితో కలిసి కూర్చుండు అధికారి ఎవడు? 2020 నుండి ప్రతి ఊరిలో రైతు కేంద్రము వెలసినది, పేరు మారినను కట్టడము ఉన్నది, వ్యవసాయము చదివిన యువకులున్నారు. వారానికొక పూట అక్కడ ఒక బల్ల, ఒక పుస్తకము, వినుటకు శిక్షణ పొందిన ఒక పెద్దమనిషి యుండిన చాలును. విత్తనమునకు, మందునకు వచ్చిన చోటికే మనేదకును వచ్చిన సిగ్గు తక్కువగా నుండును. రాత్రివేళ మరీ తాళలేని స్థితి వచ్చినవారు 14416 నంబరుకు ఫోను చేసిన, 2022 అక్టోబరు నుండి నడుచుచున్న టెలి మానస్ వారు తెలుగులోనే మాటలాడుదురు. దానికి రుసుము లేదు. ఈ నంబరును యూరియా ధర వ్రాసిన పలకపైననే, అంత పెద్ద అక్షరములతోనే వ్రాసి పెట్టవలెను.

మొన్న ఫిబ్రవరిలో మరల ఊరికి పోయితిని. రాత్రి భోజనములైన పిమ్మట పిన్నితో కలిసి కల్లమునకు నడిచి పోతిని. బాబాయి మంచము మీద పడుకొనియున్నాడు. పిన్ని ఫోను వెలుతురులో పుస్తకము తెరచినది. అట్టలు చినిగి, కారపు మరకలు పడి, అది మూడవ పుస్తకమో నాలుగవదో. "రేపటి సంగతి వినవయ్యా. ముఠా వాళ్ళు ఎనిమిదింటికి వస్తామన్నారంట, తమ్ముడు మాట్లాడాడు. తాలు ఏరేది నేనూ అత్తయ్యా చూసుకుంటాం. నీకు రెండే ఉన్నయి. టిక్కీలకు గోతాలు తేవాలి, బ్యాంకుకు పోయి గడువు అడిగి రావాలి. అంతే." సమాధానము రాలేదు. ఆమె వెలుతురు ఆయన ముఖము వైపు త్రిప్పి ఒక్క క్షణము చూచి, ఆర్పివేసి, చీకటిలో తడుముకొనుచు పోయి, గాలికి లేచిన పట్టా అంచు మీద రాయి ఎత్తి పెట్టినది.